మై అంటే నా

సాయంత్రం ఐదు లోపల సంజాయిషీ ఇవ్వాలి. అదీ ఇంగ్లీషులో.

నర్సుకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సూది వెయ్యడం వచ్చినంత తేలిగ్గా ఇంగ్లీషు ముక్క రాయడం రాదు.

లైబ్రరీ మేడ మీద మాస్టారు ఒకాయన ఉన్నారు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు తప్పులు దిద్దుతారు. అస్సలు రానివాళ్లకు తనే అర్జీలు రాసిపెడతారు. ఎనిమిది మంది వెనకాల నిలబడి, గోడ గడియారం వంక చూస్తూ చూస్తూ, ఎలాగో తన కాగితం ఆయన ముందు పెట్టింది.

"'సారీ ఫర్ మిస్టేక్' అంటే కుదరదమ్మా. మిస్టేక్ ముందు 'మై' పడాలి. మిగతాదంతా బాగానే ఉంది. వెళ్లి శుభ్రంగా రాసుకో."

బెంచీ చివర కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పక్కనే ఒక పెద్దావిడ తన వంతు కోసం ఎదురుచూస్తోంది.

"'మై' అంటే ఏంటమ్మా?"

"'నా' అని. నా తప్పుకు మన్నించండి అని రాస్తున్నా."

"అంత తప్పేం చేశావు?"

చెప్పకూడదనే అనుకుంది. కానీ నాలుగు రోజులుగా ఎవరితోనూ అనలేకపోయిన మాట అది.

"పన్నెండో మంచం అబ్బాయికి మందు ఎక్కువైంది. పోయాడు."

పెద్దావిడ ఆమె వైపు పూర్తిగా తిరిగింది.

"నువ్వే ఎక్కువేశావా?"

"కేస్ షీట్‌లో డాక్టరుగారు ఎంత రాస్తే అంతే వేశా. అనుమానమొచ్చి ఫోన్ కూడా చేశాను. రాసింది వెయ్యి, ఎక్కువ మాట్లాడకు అన్నారు."

"మరి ఆ ముక్కే రాయొచ్చుగా?"

"ఆయన పేరెత్తితే నా పని అయిపోయినట్టే. తగ్గి రాస్తే మందలించి వదిలేస్తారట."

"ఆ 'మై' కొట్టెయ్ తల్లీ."

గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. నర్సుకు ఒళ్లు మండింది.

"మీకు ఇంగ్లీషు వచ్చా పెద్దమ్మా?"

"రాదు."

"రానప్పుడు ఊరుకోండి. మీ మాటల్లో పడి రెండు కాగితాలు పాడయ్యాయి."

ఆవిడ దాదాపు వినపడనంత మెల్లిగా అడిగింది.

"ఆ అబ్బాయి... చివర్లో ఏమైనా అన్నాడా?"

"అబ్బ! అవన్నీ మీకెందుకండీ? ఇక్కడ నా కొంప మునుగుతుంటే!"

"తర్వాత ఎవరమ్మా?" అని మాస్టారు పిలిచారు.

"నాకింక రాయించుకునే పని లేదు బాబూ," అంటూ పెద్దావిడ లేచింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయింది.

నర్సు తలెత్తి చూడలేదు. రాయడం ముగించి, పరుగున వెళ్లి, ఐదుకు రెండు నిమిషాల ముందు ఆస్పత్రి ఆఫీసులో కాగితం ఇచ్చింది.

తర్వాత పది రోజులు ఆమెకు తిండి సయించలేదు. ఫోన్ మోగితే ఆఫీసు నుంచే అనుకునేది. పదకొండో రోజున విచారణ అధికారి పిలిపించారు.

"తప్పు నాదే అని మీరే రాసిచ్చాక ఇక కేస్ షీట్ తిరగేసేదెవరు? మిమ్మల్ని తీసేస్తూ ఆర్డరు కూడా టైపు చేయించాం."

నర్సు కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఒకావిడ వచ్చి మూడు రోజులు ఈ గుమ్మంలోంచి కదల్లేదు. కేస్ షీట్ చూడండి, ఆ పిల్ల డాక్టరుకు ఫోన్ చేసిందో లేదో కనుక్కోండి అని ఒకటే పోరు. చూశాం. కనుక్కున్నాం. రేపట్నుంచి మీరు డ్యూటీకి రండి."

ఫోన్ సంగతి తను చెప్పింది ఒక్కరికే.

"ఆవిడ ఎక్కడున్నారండీ?"

"నిన్ననే ఊరెళ్లిపోయింది."

"నా పేరు కూడా తెలీదు ఆవిడకి. నా కోసం ఇంత ఎందుకు..."

అధికారి ఫైలు పక్కకు జరిపి, ఆమె ముఖంలోకి చూడకుండా చెప్పారు.

"మీ మీద ఫిర్యాదు రాయించుకోడానికే ఊర్నించి వచ్చిందట, పన్నెండో మంచం అబ్బాయి తల్లి."