తలుపు పక్క కుర్చీ

కుర్చీలు నూట ఇరవై. జనం అప్పటికే నూట యాభై దాటారు. అయినా ఆఖరి వరసలో, తలుపు పక్కన, ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద మందపాటి నీలం దిండు కూడా ఉంది.

బాయిలరు పెద్దాయనకు ఒళ్ళు మండిపోయింది.

మిల్లు మూతపడి ఏడాదైనా అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. చర్చిలో కుర్చీలు వేయడం, వచ్చినవాళ్ళకు చోటు చూపించడం ఆయన పని. ఎవరూ అప్పగించలేదు, తనే నెత్తిన వేసుకున్నాడు. ఆరాధన జరిగినంతసేపూ తలుపు దగ్గర నిలబడే ఉంటాడు. కూర్చోమంటే, నేనూ కూర్చుంటే కుర్చీల సంగతి ఎవడు చూస్తాడని కసురుకుంటాడు. కుడి మోకాలు సరిగ్గా వంగదు. మరీ సలిపితే గోడకు ఆనుకుంటాడు.

ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్నది మిల్లు మేస్త్రి భార్య. ఏడాదిగా ప్రతి ఆదివారం అందరికన్నా ముందే వచ్చి ఆ కుర్చీ మీద దిండు పెడుతుంది. దాని ముందున్న కుర్చీని జానెడు ముందుకు జరుపుతుంది. వరస వంకరపోయిందని పెద్దాయన విసుక్కుంటూ వెనక్కి లాగుతాడు. ఆయన అటు తిరగ్గానే ఆమె మళ్ళీ జరుపుతుంది. ఎవరైనా కూర్చోబోతే, "వచ్చే మనిషి ఉన్నారండీ" అంటుంది.

ఎవరూ రారు. మేస్త్రి ఇంకా వస్తాడనుకుంటోంది పాపం, అని జనం చాటుగా జాలిపడేవారు.

పెద్దాయన జాలిపడలేదు. ఆ కుర్చీ ఎవరికి చూపించడానికో ఆయనకు తెలుసు.

మిల్లులో తను చూసుకునే బాయిలరు మీటరు తప్పు చూపిస్తోందని అప్పట్లో మూడుసార్లు రాసిచ్చాడు. ఆఫీసువాళ్ళు ఆ కాగితాలు సొరుగులో పడేశారు. ఒక మధ్యాహ్నం, కూనిరాగం తీస్తూ అటు వచ్చిన మేస్త్రితో, "రెండు నిమిషాలు నా కుర్చీలో కూర్చోవయ్యా, టీ తాగొస్తా" అన్నాడు. గ్లాసు సగం కాకముందే బాయిలరు పేలింది. కూలిన గోడ కింద చేతులతో తవ్వాడు, మోకాలు చితగ్గొట్టుకున్నాడు, మేస్త్రి దక్కలేదు. విచారణలో పెద్దాయన తప్పేమీ లేదని తేల్చారు. కాగితాలు సొరుగులో పడేసినవాళ్ళ తప్పు కూడా లేదని తేల్చారు. ఎవరి తప్పూ లేకుండానే చెట్టంత మనిషి పోయాడు, మూడువందల మంది ఉద్యోగాలూ పోయాయి.

మేస్త్రి భార్య ఆయన్ని ఒక్క మాటా అనలేదు. ఆ అనాల్సిందేదో ఇలా ఖాళీ కుర్చీ చూపించి అంటోందని ఆయన నమ్మకం. లేకపోతే ఎప్పుడూ రెండో వరసలో కూర్చునే మనిషి, సరిగ్గా తను నిలబడే చోటికి ఎందుకు మారుతుంది? పోనీ ఆ కుర్చీ మేస్త్రి గుర్తుగా అనుకుందామంటే, అతను చర్చిలో కూర్చున్నది ఎప్పుడు? పాటల బృందంతో ముందు నిలబడి పాడేవాడు. ఒకసారి ఆమె, మోకాలు ఎలా ఉందని అడిగింది. అది ఎత్తిపొడుపని ఆయన పలక్కుండా పక్కకు పోయాడు. పాస్టరుగారికి ఫిర్యాదు చేస్తే, మీరే అడిగి చూడరాదా అన్నారు. అడగడానికేముంది, అందరికీ తెలిసిందేగా అని ఆయన మీదా కోపం పెట్టుకున్నాడు.

ఈ క్రిస్మస్ పూట పాస్టరుగారు నిరీక్షణ గురించి, అంటే రేపటి మీద ఆశ గురించి చెబుతున్నారు. నిండు చూలాలికి ఊళ్ళో ఎక్కడా చోటు దొరకలేదట. చివరికి ఆ పశువుల పాకలోనే లోకానికి నిరీక్షణ పుట్టిందట. పొయ్యి వెలగని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మాట చెప్పడానికి నోరెలా వస్తోందో పెద్దాయనకు అర్థం కాలేదు. కాగితాలు సొరుగులో పడేసినవాళ్ళు ఈపాటికి ఎక్కడో కేకు కోస్తూ ఉంటారు. నిరీక్షణంతా వాళ్ళకే.

అప్పుడే చేతికర్రతో ఒక ముసలామె వచ్చింది. కూర్చునే చోటు కోసం నాలుగువైపులా చూసింది.

పెద్దాయన నేరుగా వెళ్ళి దిండు మీద చెయ్యి వేశాడు. "ఈ పూటైనా ఇది తీయమ్మా."

మేస్త్రి భార్య లేచి నిలబడింది. ముసలామె చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టింది. దిండు ఉన్న కుర్చీ మాత్రం అలాగే ఉంది.

ఆయనలో ఏడాదిగా ఉడుకుతున్నది పొంగింది. గొంతు మాత్రం తగ్గించాడు. "నువ్వు నిలబడతావు గానీ దీన్ని వదలవన్నమాట. ఇంక చాలమ్మా. వాడు నా కుర్చీలో కూర్చునే పోయాడు. అది నేను మర్చిపోయిన రోజు లేదు. ఇలా పదిమందిలో చూపించక్కర్లేదు."

"నేనేం చూపించాను?"

"ఈ కుర్చీ చూపించడం కాదా? అందులోకి ఎవరొస్తారని? పోయినవాడు తిరిగి రాడు."

"రారని నాకు తెలుసు," అంది ఆమె. "ఆయన కోసమని నేనెప్పుడైనా అన్నానా?"

పెద్దాయన దిండు మీంచి చెయ్యి తీశాడు. ముసలామె తల తిప్పి ఇద్దరినీ చూస్తోంది. ముందు పాటల బృందం లేచి నిలబడింది.

మేస్త్రి భార్య ముందున్న కుర్చీని జానెడు జరిపింది, కాలు చాపుకునేంత. దిండు ఎత్తి దులిపి, మళ్ళీ సరిగ్గా వేసింది. ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఆ వచ్చే మనిషి మీరే, అన్నయ్యా."