రెండో సంచిక

అంటే ఇన్నాళ్లూ కొన్నది పదిమంది కాదన్నమాట. ఒక్కడే.

పాత కామిక్ పుస్తకాలకు వెలకట్టే ఆయన బీరువా ముందు అలాగే కూర్చుండిపోయాడు. అరనిండా ఒకే పుస్తకం, ఒకే సంచిక. ప్రతి కాపీ మీదా వేలంవాళ్ల చీటీ ఊడకుండా ఉంది. ఆ చీటీల మీది ధరలన్నీ అతనికి కంఠతా వచ్చు. ఏడాదికేడాది పైకి పాకిన ఆ ధరల గీతను, మనసు బాగోలేనప్పుడల్లా కంప్యూటర్లో తెరిచి చూసుకునేవాడు. ఎక్కడో కొందరున్నారు, ఒకళ్లతో ఒకళ్లు పోటీపడి మరీ కొంటున్నారు అనుకునేవాడు. అనుకోవడం ఎంత సులువు!

"ఏం బాబూ, ఉలకవు పలకవు? నాలుగు రాళ్లొస్తాయా?" అంది చనిపోయినాయన భార్య, గుమ్మానికి ఆనుకుని.

"ఇదివరకు ఎంతకు అమ్ముడైందో చూసే వెలకడతామమ్మా. మరి... వేలంలో ఆయనకు పోటీగా పాడిందెవరు?"

ఆవిడ నవ్వబోయి ఆగింది. "ఇంకెవరు, నేనే! నా పేరుతో కూడా ఆయనే పాడేవారు. తక్కువకి పోతే ఆ బొమ్మలేసినాయన చిన్నబుచ్చుకుంటాడట. మొగుడూ పెళ్లాల కొట్లాట వేలంలో కూడానా అని తిట్టేదాన్ని."

అతను తలెత్తలేదు. తొడుగులేసుకున్న చేత్తో ఒక కాపీ తీసి ఆఖరి పేజీ తిప్పాడు. ఒక పిల్ల చీకటి మెట్ల మీద కాలెత్తి ఆగిపోయి ఉంది. అడుగున, 'తరువాయి రెండో సంచికలో'. ఆ రెండోది రానే లేదు. మొదటిదే గోదాములో పడి మూలిగింది.

"పోయేముందు కూడా అదే గొడవ. 'ఇంతకీ ఆ పిల్ల పైకెక్కిందా, కిందికి దిగిందా?' అని." ఆవిడ గుమ్మం దాటి లోపలికొచ్చింది. "అక్కయ్య ఇంటికి మారిపోతున్నాను, అక్కడ ఇంత చోటు లేదు. ఆయన పిచ్చోడా కాదా, ఆ ఒక్క ముక్క చెప్పు బాబూ. కాదంటే ఒక్కటైనా దాచుకుంటాను. ఔనంటే అన్నీ చిత్తుకాగితాలవాడికి తూకానికి వేసేస్తాను."

వెల చెప్పాలి. పాడిన ఇద్దరూ ఒక్కరే. ఆ ఒక్కరూ ఇప్పుడు లేరు. పైకి పాకిన గీతంతా ఒక మనిషి ముచ్చట.

"కొనేవాళ్లు లేరమ్మా," అన్నాడు మెల్లగా. "ఉన్న ఒక్కరూ ఆయనే."

ఆవిడ తలూపింది. కళ్లు తుడుచుకుని, చిత్తుకాగితాలవాడిని కేకేయడానికి బాల్కనీ వైపు నడిచింది.

"ఆగండమ్మా."

చేతి తొడుగులు తీసేశాడు. పెన్సిల్ గీత ఒక్కటి పడ్డా పుస్తకం విలువ పోతుందని ఊరందరికీ చెప్పే మనిషి, జేబులోంచి పెన్సిల్ తీశాడు. ఆఖరి పేజీలో మిగిలిన కాస్త ఖాళీలో, ఇరవయ్యేళ్ల కిందట తను మెట్ల మీద వదిలేసిన పిల్ల చేత ఒక మెట్టు పైకెక్కించాడు.