అరువు గొంతు

ధనయ్య నలభై రోజులుగా తమ్ముణ్ణి క్షమిస్తూనే ఉన్నాడు. రేషను సరుకుల్లాగే సర్కారు ఇంటింటికీ ఇచ్చిన మనసు వైద్యం పెట్టె, పొద్దున్నే తమ్ముడు నూకరాజు గొంతు తెచ్చుకుని, "తప్పయిపోనాదన్నా" అని ఏడ్చేది. మొదట్లో ధనయ్య దాని మీదికి చెంబు విసిరాడు. పోనుపోను వినగలిగాడు. నిన్నయితే "పోన్లేరా" అని కూడా అన్నాడు.

ఈ రోజు అసలు నూకరాజే వస్తున్నాడు. తొమ్మిదేళ్ల కిందట తుపానులో, తన పడవకి కట్టి అన్న పడవని లాక్కొస్తున్న తాడుని నూకరాజు కత్తితో కోసేశాడు. పడవ బండలకి కొట్టుకుని ధనయ్య కాలు ఆ పూటే పోయింది.

నూకరాజు వచ్చి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. తప్పు మాటే ఎత్తలేదు. దండెం మీది వల పట్టి చూసి, "ఎవుడల్లినాడన్నా? ముడులు వొదులుగున్నాయి," అన్నాడు.

"నానే. కాలి బొటనేలికి తగిలించి బిగిద్దామంటే ఆ కాలు నేదు గదరా!" ధనయ్యకి ఒళ్లు మండిపోయింది.

పెట్టె తన సొంత ఆడగొంతుతో మెల్లగా అడిగింది. "ధనయ్యగారూ, వారి బదులు క్షమాపణ నేను చెప్పనా?"

"నువ్వూరుకో తల్లీ," అని ధనయ్య దాని మీద తువ్వాలు కప్పేశాడు. పెట్టెకి జవాబు తెలియదు గనక ఇన్నాళ్లూ దాన్ని అడగని మాట ఒకటుంది. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం. అయినా అడిగాడు.

"తాడెందుకు కోసీసినావురా?"

నూకరాజు వల వదల్లేదు. ఒక వదులు ముడిని బిగిస్తూ, "నా పడవా మునిగిపోతాదని బయమేసిందన్నా," అన్నాడు.

ధనయ్య కర్ర ఊతతో వచ్చి, తమ్ముడి పక్కనే గుమ్మంలో కూలబడ్డాడు.

"నాకూ ఏసిందిరా," అన్నాడు.