రదమేస్ వాళ్ళమ్మ

“రదమేస్ వాళ్ళమ్మ లోపలే ఉంది. ఇంకో అమ్మ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

గార్డు వార్డు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

ఎనెర్సీదాకి అర్థం కాలేదు. తన ఊరు అసువాలో బస్సెక్కి, ఒళ్ళో పాలకోవా డబ్బా పెట్టుకుని, రాజధాని సాంతో దొమింగో దాకా ఒక్కతే వచ్చింది.

“వాణ్ణి కన్నది నేను. నేనే వాళ్ళమ్మని.”

“నాతో ఆటలా పెద్దమ్మా? ఆవిడ రోజూ వస్తుంది. నెత్తిన ముసుగు, చేతిలో సూపు గిన్నె. ఈ వార్డులోకి కన్నతల్లిని తప్ప ఇంకెవర్నీ పంపొద్దని మాకు ఆర్డరు.”

ఎనెర్సీదా అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది.

చివరి మంచం మీద ఎవరో ముసలివాడు పడుకుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాక గానీ తెలియలేదు, అది తన కొడుకేనని. వాడికి ఇంకా ముప్పై నిండలేదు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు లేదు.

పక్కనే నల్ల ముసుగు వేసుకున్న ఆడమనిషి సూపు ఊది ఊది పడుతోంది.

“ఇంకొక్క చెంచా, నాన్నా.”

 ఆ గొంతు ఎనెర్సీదాదే.

“ఎవరో వచ్చినట్టున్నారే, అమ్మా?” అన్నాడు రదమేస్.

ఆ మనిషి తలెత్తి చూసింది. గిన్నె మెల్లగా కింద పెట్టింది.

“ఎవరూ లేరు నాన్నా. ఇప్పుడే వస్తా.”

వరండాలోకి వచ్చి వార్డు తలుపు మూయగానే ఎనెర్సీదా చెయ్యి ఆగలేదు.

ఆ చెంపదెబ్బకి ముసుగుతో పాటు జుట్టు కూడా ఊడి నేలమీద పడింది.

బట్టతల. పౌడరు కింద నల్లగా గడ్డం.

ఎనెర్సీదా కొట్టిన చెయ్యిని అలాగే గాల్లో ఉంచేసింది.

“ఓరి నీ దుంపతెగ! తొర్మెంతా! నువ్వట్రా?” గార్డు నోరు వెళ్ళబెట్టాడు. “నిన్ను ఈ చేతుల్తోనే కదరా గేటు దగ్గర ఈడ్చి పారేసింది!”

“నువ్వే. కొత్త గౌను కూడా చింపావు.”

తొర్మెంతా అసలు పేరు ఎరిబెర్తో. సముద్రం గట్టు మీది క్లబ్బులో ఆడవేషం కట్టి పాడేవాడు. తెల్లారితే అదే వేషంతో, అదే ఎత్తు మడమల జోళ్ళతో ఆసుపత్రి గేటు ముందు మైకు పట్టుకుని నిలబడేవాడు. మగవాణ్ణి ప్రేమించిన మగవాడూ మనిషేనని, ఈ ఎయిడ్స్ జబ్బుతో వచ్చినవాళ్ళని నేలమీద పడెయ్యొద్దని అరిచేవాడు. మీద కుళ్ళు టమాటాలు పడేవి. తుడుచుకుని మళ్ళీ అరిచేవాడు. ఆ అరుపులు భరించలేకే ఈ వార్డు తెరిచారు.

ఎనెర్సీదాకి ఇవేవీ అక్కర్లేదు.

“నా కొడుకుని చెడగొట్టింది చాలక నా వేషం కూడా కడతావా, సిగ్గుమాలినవాడా?”

“మీకెన్నిసార్లు ఫోన్ చేశానమ్మా! మీ వీధి కొట్టుకి.”

ఎనెర్సీదాకి గుర్తొచ్చింది.

నిజమే. ఎవరో మగగొంతు. విన్న ప్రతిసారీ తిట్టి, ‘నాకలాంటి కొడుకు లేడు’ అని పెట్టేసింది. నిన్న మాత్రం పెట్టేసేలోపే ‘చూపు పోయింది’ అన్న మాట చెవిన పడింది.

“వాడు జ్వరంలో అమ్మా అమ్మా అని ఒకటే కలవరింత. వీళ్ళేమో తల్లికి తప్ప దారి లేదన్నారు. ఏం చెయ్యను? నాకొచ్చిన విద్య వేషం కట్టడమే.”

“నా గొంతు నీకెలా వచ్చింది?”

“ఫోన్లో విన్నాగా. తిట్లు తీసేసి మిగతాది నేర్చుకున్నా.”

గార్డు అతని రెక్క పుచ్చుకున్నాడు. “కబుర్లు చాలు, నడు! ఇంకోసారి ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరుగుతాయి.”

“వెళ్తున్నా, ఉండు.” తొర్మెంతా ఎనెర్సీదా వైపు తిరిగాడు. “నన్ను మీరే అనుకుంటున్నాడమ్మా. కాదని చెప్పకండి. చెయ్యి పట్టుకుని కూచోండి చాలు.”

ఒక్కసారి లోపలికి వెళ్ళి చెప్పొస్తానని బతిమాలాడు.

గార్డు ఎనెర్సీదా ముఖం చూశాడు. ఆమె ముఖం తిప్పుకుంది.

సవరం చంకలో పెట్టుకుని, ఆడవాళ్ళ జోళ్ళతో ఎండలో పడి వెళ్ళిపోయాడు తొర్మెంతా.

పీడ విరగడైంది అనుకుంది ఎనెర్సీదా.

లోపలికి వచ్చి మంచం పక్కన కూచుంది. కొడుకు చెయ్యి పట్టుకుంది. ఎముకలు తగిలాయి. ఏమని పిలవాలో తోచలేదు. చివరికి ఆ వేషగాడు పిలిచినట్టే పిలిచింది.

“నాన్నా...”

రదమేస్ ముఖం విచ్చుకుంది.

“తొర్మెంతా! ఇవాళ అచ్చు మా అమ్మ గొంతే దిగిపోయిందే!”

ఎనెర్సీదా మంచం మీదికి వంగింది.

“నేనేరా... అమ్మని.”

“గార్డు వింటున్నాడా? సరే సరే, అమ్మా!” వాడు నవ్వబోయాడు, దగ్గొచ్చింది. గొంతు తగ్గించాడు. “నాకు మొదటిరోజే తెలుసు, పిచ్చిదానా. నేను పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నన్ను ఒక్కసారి కూడా నాన్నా అని పిలవలేదు. నువ్వు ముచ్చటపడి చేస్తున్నావని ఊరుకున్నా.”

ఆమె లేచి తలుపు వైపు చూసింది. వరండా ఖాళీగా ఉంది.

వాడు ఆమె చేతిని తడుముకుని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఇంక ఆ గొంతు మానెయ్. ఇన్నాళ్ళూ నేను అమ్మా అని పిలిచింది ఆమెని కాదే, నిన్నే.”