యాభయ్యో నంబరు

కామెర్ల వైరస్ మీద పరిశోధన చేసిన డాక్టర్ మోహనకృష్ణ రెండేళ్లకు మళ్లీ నౌపడ వచ్చాడు. ఊరికి ఫలితాలు చెప్పడానికి కాదు, తన వ్యాసం అచ్చయినందుకు దండ వేయించుకుని ఫొటో దిగడానికి.

దండ వేసింది ఆశా కార్యకర్త కన్యాకుమారి. అప్పట్లో గడప గడపకీ తిరిగి, రక్తం ఇవ్వమని జనాన్ని బతిమాలి తెచ్చిందీ ఆమే.

"మన అదృష్టమంతా యాభయ్యో నంబరే!" మురిసిపోయాడు డాక్టరు. "వైరస్ డీఎన్ఏ లివరు కణాల డీఎన్ఏలోకే దూరి అతుక్కుపోయిందని ఆ రక్తంలోనే తేలింది. క్యాన్సర్‌కి దారి అదే. ఇంత స్పష్టంగా ఇంకెవరిలోనూ దొరకలేదు."

"ఆ మనిషికి సెప్పారేటి, బాబూ?"

"పేర్లు తీసేసి నంబర్లే ఉంచుతాం. అది రూలు. ఎవరో మాకేం తెలుసు?"

"మందేటీ నేదా?"

"ఎందుకు లేదు? అప్పుడే మొదలుపెట్టి ఉండాల్సింది."

కన్యాకుమారి ఆయన మెడలో దండ సరిచేసింది.

"నలభైతొమ్మిది మందే దొరికారని నన్ను కసిరారు, గురుతున్నాదా? లెక్క నిండాలని ఆకర్న నా సెయ్యే సాపించి నెత్తురు తీసారు. నవ్వండి బాబూ, ఫొటో తీస్తన్నారు. మీ అదృష్టం మీ పక్కనే నిలబడున్నాది."