నూట పద్దెనిమిదో ఇల్లు

2058 మార్చి 9, ఉదయం 10.20కి నాలుగో వార్డులోని రెండు వందల ఇళ్లలో ఆక్సిజన్ మిషన్లు ఆగాయి.

మిషన్ల తనిఖీకి నెలకోసారి వార్డు ఆపరేటర్ నాగవేణి తన కంప్యూటర్‌లో ఒక బ్యాచ్ ఫైల్, అంటే వరుస ఆదేశాల ఫైల్, నడుపుతుంది. అది మిషన్లన్నిటినీ ఆపి, తర్వాత ఒక్కో ఇంటి నుంచి జవాబు తీసుకుంటూ వరుసగా మొదలుపెడుతుంది. రెండు నిమిషాల పని.

10.31కి 163వ ఇంటి నుంచి షమీమ్ ఫోన్ చేసింది.

"రెండు నిమిషాలంటివి కదక్కా, నీ గడియారం పండుకుందా? మా అత్త పెదాలు నీలమైతాండాయి!"

నాగవేణి అప్పుడు తెర వైపు చూసింది. వరుస 118 దగ్గర నిలిచి ఉంది. ఆ ఇంటివాళ్లు పొద్దున పెళ్లికి వెళ్తూ, అలవాటుగా మెయిన్ స్విచ్ ఆపేశారు. అక్కడి నుంచి జవాబు రానిదే ఫైల్ ముందుకు కదలదు. మొదటినుంచి నడిపితే, మొదలైన 117 మిషన్లూ మళ్లీ ఆగుతాయి.

నాగవేణి ఫైల్‌ను ఆపి, 163కి విడిగా ఆదేశం టైపు చేసింది.

"ఫోన్ పెట్టొద్దు షమీమ్. మాట్లాడతా ఉండు."

"ఏం మాట్లాడేదక్కా, అత్త పలకడంల్యా!"

10.34కి మిషన్ మొదలైందని 163 నుంచి జవాబు వచ్చింది. దాని చప్పుడు ఫోన్‌లో వినిపించింది. నాగవేణి మూడుసార్లు పిలిచింది. షమీమ్ బదులివ్వలేదు.

10.35కి నాగవేణి, ఇంకా ఆగి ఉన్న ఇళ్లలో మొదటిదైన 119కి ఆదేశం టైపు చేసింది.