లూసియా నేర్పిన పాస్తా

ఐదో చెంచా కూడా గణేష్ ఉమ్మేశాడు. ఈసారి గోడ మీదకు.

“తినడు మరి. మైదా ముద్ద, దానిమీద చీజు ముద్ద. బంక పెడితే ఎవడు తింటాడు?” గుమ్మంలో నిలబడి అంది వెంకటరావమ్మ.

“ఇది పాస్తా అండీ అత్తయ్యా. మీకు తెలీదు.”

మీకు తెలీదు అన్న మాట ఆ ఇంట్లో రోజుకు పాతికసార్లు వినపడుతుంది. ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి ఏం చెప్పినా కోడలు ప్రత్యూషకు పనికిరాదు. రాగిజావ పట్టమంటే పల్లెటూరి తిండి. పెసరకట్టు పెట్టమంటే గ్యాసు. అదే ఏ దేశపావిడో ఫోన్లో కనిపించి పిల్లాడికి గడ్డి పెట్టమంటే మాత్రం, ఏ గడ్డి మేడమ్, ఎక్కడ దొరుకుతుంది అని కామెంటు పెట్టే రకం.

పిల్లవాడికి పది నెలలు. బరువు ఏడు కిలోలు. మొన్న డాక్టరు కార్డు చూసి పెదవి విరిచారు.

“నెలలో కనీసం అరకిలో పెరగాలమ్మా. లేదంటే అడ్మిట్ చేసి చూడాల్సి వస్తుంది,” అన్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. ప్రత్యూష భయం నిజమైన భయమే, కాదనలేం. కాకపోతే భయపడినకొద్దీ ఆమె ఫోన్‌ను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

కింది వాటాలో షహజాది అద్దెకుంటుంది. మధ్యాహ్నం పూట వాళ్లింట్లో కాసేపు కూర్చుని రావడం వెంకటరావమ్మకు అలవాటు. మర్నాడు అక్కణ్ణుంచి మెట్లెక్కి వస్తూనే మొదలుపెట్టింది.

“షహజాది కూతురు అఫ్సా ఫోన్లో చూస్తావుందమ్మా. ఎవరో ఇటలీ ఆవిడంట, లూసియా అంట. చంటిపిల్లలకి ఇంట్లోనే పాస్తా చేసి చూపిచ్చిద్దంట. మొహం లేదు, మాట లేదు, గ్లౌజులేసుకున్న రెండు చేతులూ కింద తెలుగు అక్షరాలూ. అట్టాంటివి చూసి పిల్లోణ్ణి పాడు చెయ్యమాక.”

చెయ్యమాక అంటే ఇంకేం కావాలి? ఐదు నిమిషాల్లో ప్రత్యూష లూసియాను వెతికి పట్టుకుంది.

లూసియా మైదా ముట్టదు. గోధుమపిండిలో సగానికి సగం రాగిపిండి కలిపి, వేడినీళ్లతో తడిపి, వేళ్ల మధ్య సన్నగా నులిమి, ఆవిరి మీద ఉడికిస్తుంది. ఏడాది నిండేదాకా ఉప్పూ పంచదారా వద్దంటుంది. ఉడికిన పెసరపప్పు, క్యారెట్టు మెదిపి, చెంచాడు నెయ్యి వేసి, పాస్తా వేలితో నొక్కితే చితికిపోయేలా ఉంటేనే పెట్టమంటుంది. అత్తగారి నోట గ్యాసైన పెసరపప్పు లూసియా చేతిలో ప్రోటీన్ అయింది.

“తాలికలా?” వంటింట్లోకి తొంగిచూసి అడిగింది వెంకటరావమ్మ.

“ఫుసిల్లీ అండీ.”

“ఫుసిల్లీనో గిసిల్లీనో. వాడు తింటే నా పేరు మార్చుకుంటా.”

వాడు తిన్నాడు. గిన్నె అడుగున వేలు పెట్టి నాకాడు కూడా.

ప్రత్యూష గెలిచినదానిలా అత్తగారి వైపు చూసింది.

“ఒక్కపూట తింటే సరిపోయిందా?” వెంకటరావమ్మ మూతి తిప్పుకుంది. “రోజూ ఇదే పెట్టు, వారానికే మొహం మొత్తిద్ది.”

దాంతో ప్రత్యూష పంతం పట్టింది. రోజూ అదే పెట్టింది. ఒకరోజు ఆకుకూరతో, ఒకరోజు గుమ్మడికాయతో, లూసియా ఏది చూపిస్తే అది. మధ్యలో రెండు రోజులు పిల్లవాడికి విరేచనం గట్టిపడింది. లూసియా ఆ వారం బొప్పాయి గుజ్జు గురించి చెప్పింది. ఆవిడకు పిల్లల సంగతి ఎంత బాగా తెలుసో అని ప్రత్యూష భర్తకు రెండుసార్లు చెప్పింది. అతను షాపు హడావిడిలో రెండుసార్లూ ఊకొట్టాడు.

నెల తిరిగింది. ఆస్పత్రి తూకం మీద ఏడు కిలోల ఆరు వందలు.

“అడ్మిషన్ అక్కర్లేదు. ఏం పెట్టారమ్మా?” డాక్టరు అడిగారు.

“ఇటలీ పద్ధతండీ.” ప్రత్యూష ఫోన్ తీసి చూపించింది. “మా అత్తయ్యగారు మొదట్నుంచీ అడ్డం పడుతూనే ఉన్నారు. ఆవిడ మాట వినుంటే ఈపాటికి బాబు బెడ్డు మీద ఉండేవాడు.”

అత్తగారు పక్క కుర్చీలోనే ఉంది. ఆ సంగతి ప్రత్యూషకు తెలుసు. తెలిసే అంది.

వెంకటరావమ్మ మనవడి కాలికి సాక్సు తొడుగుతూ తల ఎత్తలేదు. “చదువుకున్న పిల్లండీ. మాకేం తెలుసు,” అంది.

ఇంటికి రాగానే ప్రత్యూష లూసియాకు పొడుగాటి కామెంటు రాసింది. మా బాబు మీవల్లే గట్టెక్కాడు మేడమ్, మా ఇంట్లో కూడా మీలా తెలిసిన పెద్దావిడ ఒక్కరుంటే నాకీ బాధ ఉండేది కాదు అని.

కింది వాటా వంటింట్లో అఫ్సా ఆ కామెంటు పైకి చదివి వినిపిస్తే, పిండి నులుముతున్న గ్లౌజు చేతులు ఒక్క క్షణం ఆపి, “థాంక్స్ అని రాయమ్మా, రేపట్నుంచి కాస్త మునగాకు పొడి కూడా కలపమను, నేను చెబితే కలపదు,” అంది వెంకటరావమ్మ.